నిప్పు లేని వంట

"అత్తా, నిజం చెప్పండి. దీన్ని మీరే గదా తడిపింది?"

ఆండాళ్ అడిగిన దాంట్లో 'అత్తా' అన్న మాట ఒక్కటే మెత్తగా ఉంది. మిగతాదంతా పచ్చిమిరపకాయ కారమే.

వసారాలో బల్ల మీద మైక్రోవేవ్ పెట్టె నోరు తెరుచుకుని కూర్చుంది. మీట నొక్కితే లోపల దీపం వెలగడం లేదు, గాజుపళ్ళెం తిరగడం లేదు, రోజూ చెవులు తినేసే ఆ రొద కూడా లేదు. ఆళ్లగడ్డ మొత్తానికీ కరెంటు పోయిందేమోనన్న ఆశతో శ్రీరంగమ్మ ఫ్యాను వైపు చూసింది. ఫ్యాను సిగ్గు లేకుండా గిర్రున తిరుగుతోంది.

"తడపడమేందీ? నేనేమన్నా పిచ్చిదాన్నా అమ్మాయ్?"

"శుక్రవారం పసుపునీళ్ళు చల్లలేదా?"

చల్లింది. అదే వచ్చిన చిక్కు. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా దాని మీద నాలుగు చుక్కలు పసుపునీళ్ళు చల్లందే శ్రీరంగమ్మ చేతులు ఊరుకోవు. గ్రైండరుకు చల్లింది, ఇన్వర్టరుకు చల్లింది, కొడుకు లక్ష్మీనరసింహ మోటారుసైకిలుకైతే వారం వారం చల్లుతుంది. అవన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

"నాలుగు చుక్కలు. అవి గూడ పైపైన."

"పైపైన చల్లితే లోపలికి పోవా? వెనకాల గాలి పొయ్యే సందులు లేవా? శుక్రవారం నుంచి దీన్ని నేను ముట్టలేదు. ఈ పొద్దు ముడితే చచ్చిపోయింది."

శ్రీరంగమ్మ పెట్టె వెనక్కి తొంగిచూసింది. వెనక సందులున్న మాట నిజమే. చెయ్యి కొంచెం జోరుగా విదిలించిన మాటా నిజమే. తన భక్తి వల్లే కోడలి కొంప మునిగిందా అనుకుంది.

కొంప మునగడమంటే నిజంగా మునగడమే. ఈ సాయంత్రం నంద్యాలలో ఉమామహేశ్వరమ్మ టీచరు డెబ్బై ఐదో పుట్టినరోజు. ఆవిడ లెక్కల టీచరుగా ఎంత మంది పిల్లలు కేకులు కోసే పుట్టినరోజులు చూసిందో గాని, గుడ్డు కలుస్తుందన్న భయంతో ఇంతవరకు ఒక్క ముక్క నోట పెట్టలేదు. మనవరాలు పట్టుబడితే చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. గుడ్డు గడప తొక్కని ఇంట్లో చేసిన కేకయితేనే తింటానంది. నంద్యాలలో ఆండాళ్ డిగ్రీ స్నేహితురాలు నౌషీన్ ఆ మాట వింటూనే ఫోన్ చేసింది. ఆండాళ్‌కు మైక్రోవేవ్‌లో కేకు చెయ్యడం నేర్పిందీ నౌషీనే, ఆర్డర్లు పట్టిచ్చేదీ నౌషీనే.

ఇక్కడ మామగారి షరతు వేరే ఉంది. అహోబిలం మడపల్లిలో, అంటే గుడి వంటశాలలో, ముప్పై ఏళ్ళు స్వామికి పులిహోర, దద్దోజనం వండిన మనిషి రంగనాథం. మోకాళ్ళు మొరాయించి ఇంటిపట్టున ఉన్నాడు. మీ ఇంట్లో కేకులు చేస్తారంటనే అని గుడిలో ఎవరో నవ్వుతూ అడిగిన రోజు నుంచీ ఆయన ముఖం మాడిపోయి ఉంది. "నిప్పు తగలంది వంటేందీ?" అన్నది ఆయన మొదటి మాట. "ఈ ఒక్క కేకు చెయ్యనీ. దీంట్లో ఏ కొంచెం మాటొచ్చినా పెట్టె ఇంట్లో ఉండకూడదు" అన్నది చివరి మాట. ఆ తర్వాత కోడలితో మాటలే లేవు.

పెట్టె ఉన్నా పోయినా శ్రీరంగమ్మకు ఒకటే. కానీ పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఒద్దికగా తలొంచుకుని తిరిగిన ఆ పిల్ల, ఆ పెట్టె ముందు నిలబడి లోపల పిండి పొంగుతుంటే చూసేటప్పుడు మాత్రం నోరారా నవ్వుతుంది. ఆ నవ్వు పోతుందేమోనన్నదే ఆవిడ భయం.

"ఖలందర్‌ను పిలిపిచ్చినా. చూస్తాడులే. నువ్వు బెంగపడొద్దు" అంది.

ఆండాళ్ పెట్టె తలుపు మూసి అవతలికి తిరిగింది. అరవడం కంటే అది ఎక్కువ నొప్పిగా ఉంది శ్రీరంగమ్మకు.

* * *

బస్టాండు దగ్గర మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే ఖలందర్ వచ్చి, పెట్టెను అటు తిప్పి ఇటు తిప్పి, మరలు ఊడదీసి, లోపల టార్చి వేసి చూశాడు. చూసినకొద్దీ అతని ముఖంలో ఆనందం పెరిగింది. పెద్ద రోగం దొరికిన డాక్టర్ల ముఖాలు కూడా అలాగే ఉంటాయి.

"నీళ్ళు పడినాయా అప్పా?" శ్రీరంగమ్మ గొంతు పీలగా వచ్చింది.

"నీళ్ళు కాదమ్మా. నీళ్ళ జాడే లేదు."

శ్రీరంగమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఇదో, ఈ పక్కనుండే రేకు అట్ట చూడండి. కాలిపోయింది. ఫ్యూజు గూడ కొట్టేసింది. లోపల రవ్వలు లేచినాయి. స్టీలో ఇత్తడో ఏదో పెట్టి ఆన్ చేసినారు ఎవురో."

వచ్చిన ప్రాణం వచ్చినట్టే పోయింది. ఎందుకంటే ఆండాళ్ మళ్ళీ తన వైపే చూస్తోంది.

"గాజుగిన్నె తప్ప ఏమీ పెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పినా అత్తా?"

"నేను పెట్టలే. నా మీద ఒట్టు."

"మరి ఎవరు? ఆయన అహోబిలంలో గుళ్ళో ఉండారు. మామ దాని పక్కకే రారు. ఇంట్లో ఇంకెవరుండారు?"

లెక్క ప్రకారం శ్రీరంగమ్మే దొంగ. లెక్క అంత బాగా కుదిరాక ఒట్లు పెట్టుకుని లాభం లేదు.

"సామాను ఈడ దొరకదమ్మా. కర్నూలు నుంచి తెప్పియ్యాల. ఈ పొద్దు పని కాదు" అన్నాడు ఖలందర్, మరలు జేబులో వేసుకుంటూ.

ఆండాళ్ వంటింట్లోకి పోయింది. డబ్బాలు తీసి సంచీలో పెడుతున్న చప్పుడు. మైదా, చక్కెర పొడి, కోకో, సోడా, పాలు, పెరుగు, మీగడ. తర్వాత ఫోను మీద, "నౌషీన్, మీ ఇంటికే వస్తాండా. నీ పెట్టె ఖాళీగా పెట్టు" అన్న మాట.

శ్రీరంగమ్మ ముక్కు చీదుకుని, ముఖం కడుక్కుందామని పెరట్లోకి నడిచింది.

పెరట్లో కుళాయి దగ్గర రంగనాథం పీట మీద కూర్చుని, చింతపండుతో ఇత్తడి గిన్నె తోముతున్నాడు.

మడపల్లిలో నిలువెత్తు గంగాళాలు తోమిన మనిషే. కానీ తను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఇంట్లో ఆయన ఒక గ్లాసు కడిగిన పాపాన పోలేదు. శ్రీరంగమ్మ ఆగిపోయింది.

"ఏం చేస్తాండారు?"

"కనపడలే? గిన్నె తోముతాండా."

"నైవేద్యం గిన్నె గదా అది. అంచు నల్లగ ఉందేందీ?"

"పొయ్యి మీద మాడింది."

"పొయ్యి మీద మాడితే అడుగు మాడుతాది. అంచు యాడన్నా మాడుతాదా?"

ఆయన చెయ్యి ఆగింది. ఆవిడ ఆయన ముఖం చూసింది, గిన్నె చూసింది, మళ్ళీ ముఖం చూసింది.

"అయ్యో రామా. మీరా?"

"మెల్లగ మాట్లాడు!"

కుళాయి కట్టెయ్యడం కూడా మర్చిపోయి ఆయన గుసగుసగా చెప్పుకున్నాడు. నిన్న ఆడవాళ్ళిద్దరూ కోమటాయన కొట్టుకు పోయినప్పుడు జరిగిందట. నిప్పు లేకుండా అన్నం ఎట్లా ఉడుకుతుందో ఒక్కసారి కళ్ళారా చూద్దామనిపించిందట. స్నానం చేసి, మడి కట్టుకుని, పిడికెడు బియ్యం కడిగి, నీళ్ళు పోసి లోపల పెట్టాడట.

"గాజుగిన్నె పక్కనే ఉంది గదా, అది పెట్టకపోయినారా?"

"గాజు మడికి పనికొస్తాదా? ఉడికితే స్వామికి చూపిద్దామనుకుంటి."

"ఊఁ, తర్వాత?"

"ఆ అమ్మాయి నొక్కే మీటే నొక్కినా. చటచటమని మెరుపులు లేచినాయి. తెల్లగ, నీలంగ. పెట్టెంతా వెలుగే. నాకేమనిపిచ్చిందో చెప్తే నవ్వొద్దు."

"నవ్వను."

"పెట్టెలోంచి స్వామే వస్తాండాడు అనుకున్నా."

స్తంభం చీల్చుకుని వచ్చిన దేవుడికి ముప్పై ఏళ్ళు వండిపెట్టినవాడికి ఆ ఆలోచన రావడంలో తప్పేమీ లేదు. అయినా శ్రీరంగమ్మ కొంగు మొత్తం నోట్లో కుక్కుకోవలసి వచ్చింది.

"నవ్వుతాండావా? దండం పెట్టుకుని నిలబడితి నేను."

"దండం పెట్టేముందు దాన్ని ఆపినారా?"

"ఆపేది యాడుందో తెలిస్తే గదా!"

నవ్వి నవ్వి ఆవిడకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో కోడలి ముఖం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

"పోండి. పొయ్యి ఆ పిల్లకు చెప్పండి. పొద్దున్నించీ నన్ను దొంగను చేసి చూస్తాంది."

"చెప్పను."

"ఏమీ?"

"వద్దన్నోణ్ణి నేను. వద్దని చెప్పి, ఎవురూ లేనప్పుడు మీట నొక్కినోణ్ణీ నేనే. ఏ ముఖం పెట్టుకుని చెప్పేది?"

"అయితే నా నెత్తిన వేస్తారా?"

రంగనాథం గిన్నె లోపలికి చూస్తూ అన్నాడు. "నువ్వైతే ఆ అమ్మాయి నాలుగు మాటలని మర్చిపోతాది. నేనైతే ఒక్క మాట అనదు. తలొంచుకుని ఊరుకుంటాది. అది నాకు చాలా కష్టమే."

శ్రీరంగమ్మ వంగి కుళాయి కట్టేసింది. కోడలంటే ఈయనకు గిట్టదనే ఇన్నాళ్ళూ అనుకుంది.

"సరే. నేను నోరిప్పను. కానీ ఒకటి చెయ్యాల మీరు."

"ఏందీ?"

"చొక్కా వేసుకోండి. నంద్యాలకు సంచి మొయ్యాల."

* * *

బస్సులో ముగ్గురూ ఎక్కారు. రంగనాథం ముందు సీటులో, డబ్బాల సంచి ఒళ్ళో పెట్టుకుని. అత్తాకోడళ్ళు వెనక సీటులో. మామగారు ఎందుకు వస్తున్నారో ఆండాళ్‌కు అంతుపట్టలేదు. అడిగే ధైర్యమూ లేదు. తప్పు జరిగితే అక్కడికక్కడే పట్టుకుందామని వస్తున్నారేమో అనుకున్నట్టుంది, పెదవి కొరుక్కుంటూ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

శిరివెళ్ళ దాటాక ఆండాళే నోరు విప్పింది.

"పొద్దున గట్టిగ అన్నా. మనసులో పెట్టుకోవద్దు అత్తా."

"అంటే ఏం పోయింది లేమ్మా."

"మీరు చేసినా నాకు కోపం లేదు. కొత్త వస్తువు, తెలీక చేసింటారు. చెప్పింటే బాగుండు. అంతే."

శ్రీరంగమ్మ కళ్ళు ముందు సీటు మీదికి పోయాయి. రంగనాథం మెడ బిగుసుకుంది. వెనక్కి తిరుగుతాడేమోనని ఆవిడ ఎదురుచూసింది. ఆయన సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుని రోడ్డు చూస్తూ ఉండిపోయాడు.

నంద్యాలలో నౌషీన్ వాళ్ళ ఇల్లు సందు చివర. నౌషీన్ అత్త మాబూబీ గడపలోనే నిలబడి ఉంది. సామి వస్తున్నాడని తెలిసి ఆవిడ వసారా కడిగించింది, కొత్త కుర్చీ వేయించింది. మంచినీళ్ళు తాగడని తెలుసు కాబట్టి తల కొట్టిన టెంకాయబోండాం చేతికిచ్చింది.

"కూర్చోండి సామీ. ఇది దేవుడు పోసిన నీళ్ళు. దీనికి మా ఇల్లు, మీ ఇల్లు లేదు."

రంగనాథం మొహమాటంగా అందుకున్నాడు. ఎండలో వచ్చాడేమో, గటగటా తాగేశాడు.

లోపల నౌషీన్ చీర కుచ్చిళ్ళు దోపుకుని సిద్ధంగా ఉంది. "నిమ్మకాయ నీళ్ళు లోపల పెట్టి మరిగిచ్చి తుడిచినా ఆండాళూ. మూడుసార్లు. గాజుగిన్నె బజార్లో ఇప్పుడే కొన్నా, చీటీ గూడ పీకలే. కానియ్యి, తొందరగ."

"బాగానే తుడిచింది" అంది మాబూబీ వాకిట్లోంచి. "నిన్నటిదాంక దాంట్లోనే గదా కోడికూర వేడి చేస్తిమి."

"అత్తా!" అని నౌషీన్ పళ్ళు బిగించింది.

"ఏమే? సామి ముందర అబద్ధమాడమంటావా?"

ఆండాళ్ సంచీ కింద పెట్టి, పక్కనే గోడకానుకుని కూర్చుండిపోయింది. చక్కెర డబ్బా ఒళ్ళో ఉంది.

"గుడ్డు గడప తొక్కని ఇల్లని టీచరుకు మాటిచ్చినా నౌషీన్. పొద్దున కంగారులో ఆ సంగతే తోచలే."

"కేకులో గుడ్డు లేదు గదా! గిన్నె కొత్తది గదా!"

"పెట్టె కొత్తది కాదు గదా."

నౌషీన్‌కు కోపం వచ్చింది. "అంటే మా ఇంట్లో చేస్తే పనికిరాదా? ఈ మాట అనేదానికా ఆళ్లగడ్డ నుంచి వచ్చినావ్?"

"నేనెప్పుడన్నా అట్లంటినా? మీ ఇంట్లో ఎన్నిసార్లు కూర్చోలేదు? నాకు కాదే, ఆ టీచరుకు!"

ఇద్దరూ చెరోవైపు తిరిగారు. గోడ గడియారం తన పని తను చేసుకుపోతోంది. సాయంత్రం ఎవరి కోసమూ ఆగదని అందరికీ తెలుసు.

మాబూబీయే మధ్యలోకి వచ్చింది. "మనకెందుకు ఈ తకరారు? శాస్త్రం తెలిసిన సామి ఈడనే ఉండాడు గదా. మీరు చెప్పండి సామీ. చెయ్యొచ్చునా, చెయ్యకూడదా?"

రంగనాథం చేతిలో ఖాళీ బోండాం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు.

శ్రీరంగమ్మకు ఇక ఓపిక చాలలేదు.

"ఆయనేం చెప్తాడు, నేను చెప్తా" అంది. "నిప్పు తగలంది వంట కాదని ఎవరన్నారు? మీరే గదా అన్నది?"

"అన్నా."

"ఈ పెట్టెలో నిప్పుందా?"

"లేదు."

"అయితే దీంట్లో చేసింది వంట కాదు. వంట కానప్పుడు దానికి అంటు, మడి యాడివి? అరటిపండు సంతలోకి ఎవరెవరి చేతుల మీద వస్తాదో మనకు తెలుసునా? తెచ్చి స్వామికే పెడతాండాం గదా. ఇప్పుడు మాబూబమ్మ చేతి బోండాం తాగినారు. దానికి నిప్పు తగిలిందా? లేదు. కేకుకూ తగల్లేదు. రెండూ ఒకటే."

అందరూ ఆవిడ వైపు నోరు తెరుచుకుని చూశారు. ముప్పై ఏళ్ళ శాస్త్రం బోండాం ముందు బోర్లాపడింది. రంగనాథం మీసం లేని పెదవి మీద ఏదో కదిలి, ఆపుకోలేక కిసుక్కున నవ్వాడు. మామగారి నవ్వు ఎట్లా ఉంటుందో ఆండాళ్‌కు తెలిసింది అప్పుడే.

"వాదన బాగానే ఉందే" అన్నాడు. తర్వాత కోడలి వైపు చూడకుండా, గడపకు చెప్పినట్టు చెప్పాడు. "చెయ్యి అమ్మాయ్. కానీ యాడ చేసింది ఆమెకు చెప్పాల."

"చెప్తే తినదు మామా."

"తినకపోతే తెచ్చుకుందాం. దాచి పెట్టకూడదు."

"అవునవును. దాచిపెట్టడం చాలా తప్పు" అంది శ్రీరంగమ్మ, మొగుడి ముఖంలోకి చూస్తూ. ఆయనకు గట్టిగా దగ్గు వచ్చింది.

ఆండాళ్ లేచి నౌషీన్ జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నౌషీన్ ఆమె వీపు మీద ఒకటి చరిచింది. వాళ్ళ తగవు తీరిపోయింది.

ఆ తర్వాత పని చూడాలి. శ్రీరంగమ్మ ఇంతవరకు దూరం నుంచే చూసింది, ఇవాళ పక్కన నిలబడి పాలు అందించింది, పెరుగు అందించింది. పిండి దోసెపిండి కంటే పలచగా జారింది. గిన్నెకు సగమే పోసింది ఆండాళ్. మీట నొక్కగానే గాజు వెనకాల పిండి నిద్ర లేచినట్టు కదిలి, ఉబ్బి, అంచు దాకా వచ్చి ఆగింది. ఇంట్లో పొయ్యి మీద అన్నం పొంగు వచ్చే లోపల కేకు అయిపోయింది.

మొదటిది చెడింది. నౌషీన్ పెట్టెకు వేడెక్కువ, ఇంటి పెట్టె లెక్కన ఉంచితే రస్కులాగా గట్టిపడింది. ఆండాళ్ ముఖం పాలిపోయింది. మాబూబీ మాత్రం ఒక పక్క విరిచి టీలో ముంచుకుని, "బలే ఉంది, దీన్ని మాకిడిచిపెట్టు" అంది.

రెండోసారి ఆండాళ్ గడియారాన్ని నమ్మలేదు. గాజుకు కళ్ళప్పగించి నిలబడింది. నడిమధ్య ఇంకా తడి మెరుస్తుండగానే ఆపేసింది.

"పచ్చిగ ఉందేమో గదా?" అంది శ్రీరంగమ్మ.

"తలుపు తియ్యకుండా కాసేపుంచితే తన వేడికి తనే ఉడుకుతాది అత్తా. ఆరేదాంక ఉడికిస్తే ఇందాకటి మాదిరి రాయి అయితాది."

అలాగే అయింది. తీసి బోర్లిస్తే పళ్ళెంలో నల్లగా, మెత్తగా, వేలు ఆనిస్తే మళ్ళీ పైకి లేస్తూ కూర్చుంది. అలాంటివే ఇంకో రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మీగడ పూశారు. పైన పేరు రాయబోతే 'ఉమామహేశ్వరమ్మ' అన్నది పట్టలేదు. 'ఉమ' అని రాద్దామంది నౌషీన్. లెక్కలు చెప్పి సగం నంద్యాల చెవులు మెలిపెట్టిన మనిషిని 'ఉమ' అని పిలిచే ధైర్యం ఎవరికుంది? 'టీచర్‌కు' అని రాసి ఊరుకున్నారు.

దాన్ని ఎవరూ రుచి చూడలేదు. స్వామికి చూపించనిది నోట పెట్టుకునే అలవాటు రంగనాథం ఇంట్లో ఎవరికీ లేదు.

* * *

ఉమామహేశ్వరమ్మ ఇంట్లో హాలు నిండా పాత శిష్యులు ఉన్నారు. బట్టతలలు వచ్చినవాళ్ళు కూడా ఆవిడ ముందు చేతులు కట్టుకునే నిలబడ్డారు. మనవరాలు కొవ్వొత్తులు తెస్తే, దీపం ఆర్పే పుట్టినరోజు నాకొద్దని అవతల పెట్టించింది. చాకు చేతికి తీసుకుని, కేకును ఒక చుట్టు పరీక్షగా చూసింది.

"గుడ్డు లేదు గదా?"

"లేదు టీచర్" అంది ఆండాళ్.

"మీ ఇంట్లోనే చేసింది గదా?"

హాలులో ఎవరికీ ఆ ప్రశ్న పెద్దగా వినిపించి ఉండదు. శ్రీరంగమ్మకు మాత్రం గుడిగంటలాగా వినిపించింది.

ఆండాళ్ ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది.

"కాదు టీచర్. మా ఇంట్లో పెట్టె చెడిపోయింది. ఇదో, నా స్నేహితురాలు నౌషీన్. వీళ్ళింట్లో చేసినా. గిన్నె కొత్తది. సామాను మాది. పెట్టె మాత్రం వాళ్ళది. దాంట్లో వాళ్ళు అన్నీ వండుకుంటారు. ఇష్టం లేకపోతే తినొద్దు టీచర్, తీసుకపోతాం."

చాకు ఆగిపోయింది. మనవరాలి ముఖంలో రంగు తగ్గింది. వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మీ పెట్టె ఎట్ల చెడింది?" లెక్కల టీచరు కదా, ఏ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలనిదే వదలదు.

ఆండాళ్ అత్త వైపు చూసింది. శ్రీరంగమ్మ తలొంచుకుంది. పదిమందిలో తన పేరు వస్తుందని తెలుసు, రానీ అనుకుంది.

"నా వల్లే టీచర్. నేనే చూసుకోలేదు" అంది ఆండాళ్.

శ్రీరంగమ్మ తలెత్తి చూసింది. ఈ పిల్ల తనను కాపాడుతోంది, చెయ్యని తప్పుకు. తను ఎవరిని కాపాడుతోందో ఆ పిల్లకు తెలియనే తెలియదు. ఇక మాట దాచడం తన వల్ల కాదని నోరు తెరవబోయింది.

"కాదమ్మా" అన్న మాట వెనక నుంచి వచ్చింది.

రంగనాథం గుమ్మం దగ్గర నుంచి, మోకాలు పట్టుకుంటూ ముందుకు వచ్చాడు.

"చెడగొట్టింది నేను. ఆ అమ్మాయి కాదు, మా ఇంటామె కాదు. ఇత్తడి గిన్నెలో బియ్యం పోసి పెట్టి మీట నొక్కినా. వద్దని అందరికీ చెప్పి, నేనే దొంగగ నొక్కినా. పొద్దున్నించీ వీళ్ళిద్దరూ నా పాపానికి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక చస్తాంటే నోరు మూసుకుని కూర్చున్నా."

ఆండాళ్ మామగారి వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. కోపం లేదు ఆ చూపులో. అంతకంటే అయోమయం ఎక్కువ.

"మీరేం చేస్తారు సామీ?" అడిగింది టీచరు.

"అహోబిలంలో వంటస్వామిని. ముప్పై ఏళ్ళు మడపల్లిలో చేసినా."

ఉమామహేశ్వరమ్మ చాకు పళ్ళెంలో పెట్టింది. ఆవిడ పెదవుల చివర నవ్వు ఉందో లేదో కనిపెట్టడం కష్టం.

"ఈ కేకు మీరు తిన్నారా?"

"లేదు."

"నాకన్నా నిష్ఠ గలవాళ్ళు మీరు. మీరు తినలేనిది నాకెట్ల పెడతారు? మీరొక ముక్క తినండి. తర్వాత నేను తింటా. ఇది న్యాయమేనా కాదా?"

న్యాయమే. అందుకే శ్రీరంగమ్మకు దాన్ని కాదనే దారి లేదు. కట్టుకున్న నాటి నుంచి ఈయన బయట ఒక్క మెతుకు ముట్టలేదు. సొంత చెల్లెలి పెళ్ళిలో కూడా తన అన్నం తనే వండుకున్నాడు. కాశీయాత్ర మొత్తం అరటిపండ్ల మీద నడిపించాడు. మాబూబీ వసారాలో తను గెలిచిన వాదన ఇక్కడ ఆయన ప్రాణం మీదికి వచ్చింది. వాదన వేరు, నోరు తెరిచి ముక్క పెట్టుకోవడం వేరు.

రంగనాథం కాసేపు కేకు వైపు చూశాడు. ఉత్తరీయం సర్దుకున్నాడు. కుడిచెయ్యి ముందుకు చాచాడు, తీర్థానికి చాచినట్టు.

"పెట్టు తల్లీ" అన్నాడు కోడలితో.

ఇన్నాళ్ళూ 'అమ్మాయ్' తప్ప ఇంకో పిలుపు ఆ నోట రాలేదు. ఆండాళ్ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. టీచరు పెట్టిన చాకు తీసుకుంది. కేకు మీద ఆనించింది. అక్కడే ఆపేసింది.

"వద్దు మామా."

"ఏమి?"

"మీరు తినొద్దు. కేకు తీసుకపోదాం. పెట్టె గూడ వద్దు నాకు. బాగుచేపియ్యొద్దు, ఎవరికన్నా ఇచ్చేద్దాం. నా కోసం మీరు ఇది చెయ్యొద్దు."

"పెట్టమంటాండా గదా తల్లీ."

"పెట్టను మామా."

చాచిన చెయ్యి వెనక్కి పోలేదు. చాకు కిందికి దిగలేదు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఇంత మొండికేస్తారని కలలో కూడా అనుకోని శ్రీరంగమ్మ, ముందు ఎవరి చెయ్యి పట్టుకోవాలో తెలియక మధ్యలో నిలబడిపోయింది.